మెడలో టేపు

కుట్టుపని చేసే ఆమెను మెడలో టేపు లేకుండా ఎవరూ చూడలేదు. మాట్లాడేటప్పుడు దాని కొసను వేలికి చుట్టుకుంటుంది. పడకా, పనీ రెండూ పెద్దమ్మ ఇంటి ముందుగదిలోనే. మంచాన పడ్డ పెద్దమ్మను చివరిదాకా ఆమే చూసుకుంది. ఇంటిని పెద్దమ్మ ఆమెకే రాసింది. పరాయివాళ్లెందుకని వీలునామాకు రెండో సాక్షిగా ఆమే సంతకం పెట్టింది. "మీ క్రైస్తవుల వీలునామాల్లో సాక్షి సంతకం పెట్టినవాళ్లకు ఆస్తి దక్కదమ్మా. ఇల్లు కొడుక్కే పోతుంది," అన్నాడు వకీలు, పెద్దమ్మ పోయాక ఆ కాగితం చూసి. "దగ్గరుండి చూసింది నేనే కదండీ! నాకన్నా సాక్షి ఎవరు?" అంది. వకీలు ఫైలు కట్టేశాడు. మర్నాడు పెద్దమ్మ కొడుకు ఇల్లు కొలవడానికి వచ్చాడు. "చిన్నప్పుడు నా నిక్కర్లు కొలిచింది నువ్వే కదక్కా, ఇదీ కొలిచిపెట్టు," అని నవ్వాడు. ఆమె మెడలోంచి టేపు తీసి, గోడ వెంట వంగి కొలుచుకుంటూ పోయింది. మూలలో కుట్టుమిషను అడ్డొచ్చింది. దాన్ని తానే పక్కకు జరిపింది.