గోరింటాకు కింద నలుపు

మిక్సీ మూత తియ్యగానే గోరింటాకు వాసన హాల్లోకి వచ్చేసింది. పచ్చి ఆకు, చింతపండు కలిసిన వాసన. "నాన్నా, నీక్కూడా పెడతా, చెయ్యి చాపు" అంటూ మా అమ్మాయి గిన్నె పట్టుకొచ్చి ఎదురుగా కూర్చుంది. ఇంట్లో అందరికీ ఆ వాసన సంబరం. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా అది తగలగానే ఎస్తేరు మేడమ్ గొంతు వినిపిస్తుంది.

ఎస్తేరు మేడమ్ నెల్లూరులో చర్మవ్యాధుల డాక్టరు. మాది పులికాట్ సరస్సు పక్కన చేపలు పట్టే పాలెం. నాకు చేపల వేట అచ్చిరాక ఆమె క్లినిక్కులో చీట్లు రాసి రోగుల్ని లోపలికి పంపే పనిలో చేరాను. ఆదివారం చర్చిలో ఎంత మెత్తగా పాడేవారో, సోమవారం క్లినిక్కులో అంత గట్టిగా అరిచేవారు. గోళ్ళరంగు వేసుకొచ్చిన వాళ్ళని చూస్తే ఇక పూనకమే. "గోరు చూడమని వచ్చి దాన్నే మూసి పెడితే నేనేం చూడాలమ్మా? పోయి తుడుచుకోని రా పో" అని తిప్పి పంపేవారు.

ఒకసారి కృష్ణపట్నం పోర్టులో పనిచేసే మనిషి కాలి బొటనవేలి గోరు నల్లబడిందని వచ్చాడు. ఎవరో క్యాన్సరని చెప్పారట, మొహంలో నెత్తురు చుక్క లేదు. మేడమ్ లెన్సు పెట్టి చూశారు.

"కాలి మీద ఏమన్నా పడిందా అబ్బయా?"

"ఇనప రాడ్డు పడింది మేడమ్, అప్పుడెప్పుడో."

నలుపు మొదలైన చోట గోటి మీద బ్లేడుతో సన్నటి గాటు పెట్టారు. "ఇది గడ్డకట్టిన రక్తం. గోరు పెరిగే కొద్దీ ఈ గాటుతో పాటు నలుపూ ముందుకి జరుగుతుంది. జరక్కుండా మొదట్లోనే కూర్చుందంటే ఉన్న పళంగా రా." కొన్ని నెలల తర్వాత అతను వచ్చినప్పుడు గోరు మొదలు వైపు సగం తేటగా ఉంది. అతని కంటే మేడమే ఎక్కువ మురిసిపోయారు. ఆ రోజే నాకు చెప్పారు: "అన్ని గోళ్ళకీ సన్న గీతలుంటే చాలా వరకు అది మన ఒంటి రంగేరా. ఫంగస్‌కి కూడా నల్లబడతాయి. కానీ ఒక్క గోటికే నల్ల గీత వచ్చి, అది రోజురోజుకీ వెడల్పవతా ఉంటే మాత్రం వదలకూడదు."

నేను తలూపాను. అప్పటికే నా కుడి బొటనవేలు ఎర్రగా పండి ఉంది!

మా పాలెంలో ఉప్పునీళ్ళలో నాని గోళ్ళు చెడిపోతే ఆడవాళ్ళు గోరింటాకు నూరి కడతారు. నా గోరు నల్లబడుతుంటే పుచ్చుగోరనుకుని, నేను సెలవుకి ఇంటికెళ్ళినప్పుడల్లా మా అమ్మ కట్టేది. క్లినిక్కులో అందరూ "ఏంది, ఒంటి వేలు పెళ్ళికొడుకా!" అని ఆటపట్టించేవాళ్ళు. మేడమూ నవ్వేవారు.

ఒక ఏడాది మా అక్క కాన్పుకని అమ్మ మనుబోలు వెళ్ళి అక్కడే ఉండిపోయింది. నాకు గోరింటాకు కట్టేవాళ్ళు లేరు. ఒక సాయంత్రం చీటీ అందించబోతే మేడమ్ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"గోరింటాకు ఎప్పుడు పెట్టినావు?"

"నెల దాటింది మేడమ్."

"గోటి మీద ఎరుపుంటుంది, సరే. చర్మం మీద ఎప్పుడో పోవాలి గదా. మరి గోరు మొదట్లో చర్మం మీద ఈ నలుపేంది?"

బ్లేడుతో గోటి పైపొర గీకారు. ఎరుపంతా పొడిపొడిగా రాలింది. దాని కింద గోరు పొడవునా ఒక నల్లటి పట్టీ. ఎన్ని వందల గోళ్ళకి చీట్లు రాశాన్రా దేవుడా, నా గోరు నేను చూసుకోలేదే! తలెత్తితే మేడమ్ బ్లేడు బల్ల మీద పెట్టేసి నా వేలినే చూస్తున్నారు.

"రోజూ ఈ చేత్తోనే గదరా చీటీ ఇచ్చినావు" అన్నారు. "ఊరందరి గోళ్ళూ తుడిపించినా. నీది చూసి నవ్వినా."

చెన్నైలో ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరే. వేలు పై కణుపు వరకు తీసెయ్యాలన్నారు. మా అమ్మ మేడమ్ కాళ్ళ దగ్గర కూలబడిపోయింది. "వల లాగే వంశం తల్లీ, బొటనవేలు లేకుండా వాడెట్టా బతుకుతాడు? నా చేతులతో నేనే కట్టినానే!"

మేడమ్ కింద ఆమె పక్కనే కూర్చున్నారు. "నువ్వు మందని కట్టినావమ్మా. తప్పు నాది, డాక్టర్ని నేను. వేలు పోనీ, బిడ్డ ఉంటాడు." ఆపరేషన్ రోజు క్లినిక్కు మూసేసి, థియేటరు తలుపు దాకా నా ఎడమచెయ్యి పట్టుకుని వచ్చారు.

ఆ తర్వాత ఎన్నేళ్ళు పనిచేశానో, అన్నేళ్ళూ నన్ను బల్ల ఎక్కించి క్యాన్సరు పాకి చంకలో గడ్డలేమైనా తగులుతున్నాయేమోనని తడిమి చూసేవారు. నా పెళ్ళిరోజున కూడా! మా ఆవిడ బిత్తరపోయింది. చివరికి మేడమే మంచాన పడ్డారు. చూడ్డానికి వెళితే మాట్లాడే ఓపిక లేదు. నా చెయ్యి అందుకుని, మిగిలిన గోళ్ళు ఒక్కొక్కటే చూసి వదిలారు.

"నాన్నా, పెట్టనా?" అంది మా అమ్మాయి మళ్ళీ.

"ముందు నీ చేతులియ్యి" అన్నాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో తన గోళ్ళన్నీ చూశాను. చేతులవి, కాళ్ళవి. "ప్రతిసారీ ఇదేంది నాన్నా!" అని విసుక్కుంది. అన్నీ తేటగా ఉన్నాయి.

"ఇప్పుడు పెట్టుకో" అన్నాను.