మఖమల్ కోటుకు అవ్వ వేసిన లోపలి కుట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే జాగ్రత్తగా చూసుకున్నది మనిషిని కాదు, ఒక కోటును. ముదురు ఎరుపు మఖమల్ కోటు. ఇప్పుడు అందరూ వెల్వెట్ అంటున్న బట్టనే అప్పట్లో మా పుంగనూరులో మఖమల్ అనేవాళ్ళం. మా నాయన పగలు వేరుశనగ మిల్లులో మూటలు మోసేవాడు. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల ఊళ్ళలో వీధి నాటకాలకు పోయి రాజు వేషం కట్టేవాడు. వెడల్పాటి ఛాతీ, పెద్ద గొంతు. మైకు లేని పల్లెల్లో కూడా ఆయన పద్యం ఆఖరి వరసలో కూర్చున్న ముసలివాళ్ళకు వినిపించేదట. డెబ్బైల నాటి మాట ఇది. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు.

ఆ కోటు కుట్టింది మా నాయనమ్మ. మేము అవ్వ అనేవాళ్ళం. తాతయ్య పోయాక ఆయన కుట్టు మిషను ముందు కూర్చుని, వీధిలో ఆడవాళ్ళ రవికలు కుట్టి కొడుకును పెంచిన మనిషి. బట్ట మాత్రం కుప్పం నుంచి వచ్చింది. అక్కడ నాటకం ఆడి తిరిగి వస్తూ, బెంగళూరు సరుకు అమ్మే ఒక సాయిబు అంగట్లో మా నాయన ముచ్చటపడి కొన్నాడు.

బట్ట ఇంటికొచ్చిన రోజు అవ్వ దాన్ని ఒళ్ళో పరుచుకుని, నా చెయ్యి పట్టుకుని దాని మీద కిందికి ఒకసారి, పైకి ఒకసారి నిమిరించింది. ఒకవైపు పిల్లి వీపులా జారింది. రెండోవైపు అరచేతికి ఎదురు తగిలింది, రంగు కూడా చిక్కబడింది.

"ఇది ఏ పక్కకి పండుకుంటాదో సూసుకోని కత్తెర పెట్టల్ల పాపా. ఒక ముక్క ఇట్లా, ఇంగో ముక్క అట్లా కోస్తే ఒకే కోటులో రెండు రంగులు కనపడతాయి" అంది.

బట్టను బోర్లా తిరగేసి, మడత పెట్టకుండా ఒక్కో పొరే కత్తిరించింది. గుండుసూదులు దగ్గరికి రానివ్వలేదు. అవి గుచ్చినచోట నూగు అణిగి మచ్చ పడుతుంది. రెండు ముక్కలు కలిపి మిషను కింద పెడితే ఒకదాని మీద ఒకటి జారిపోతాయని, ముందు చేత్తో దగ్గర దగ్గరగా కచ్చా కుట్టు వేసింది. ఇస్త్రీ పెట్టె తగలనివ్వలేదు. ఉడుకుతున్న అన్నం కుండ మీద, లోపలివైపు ఆవిరికి చూపించి, నూగు లేచాక మెత్తటి బ్రష్షుతో దువ్వింది. ఇదంతా చేస్తూ నాకొక మాట చెప్పింది.

"నూలు గుడ్డయితే తప్పు కుట్టినా ఇప్పేసి ఉతికితే సరిపోతాది. దీనికట్లా కాదు. ఒకసారి సూది దిగినాదంటే ఆ బొక్క పోదు. కుట్టక ముందే ఆలోచించుకోవల్ల."

మరుసటి ఏడు మా నాయనకు దగ్గు మొదలైంది. మిల్లు దుమ్ము అనుకున్నాం. మిరియాల కషాయం తాగించాం. ఒకరోజు గోడ పక్కన ఉమ్మిన చోట ఎరుపు చూసి మా అమ్మ అవ్వను పిలుచుకొచ్చి చూపించింది. మదనపల్లె దగ్గరున్న క్షయ ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ కొన్నాళ్ళు ఉంచుకున్నారు. దగ్గు తగ్గాక మాత్రలిచ్చి ఇంటికి పంపారు. ఏడాది దాటేదాకా ఒక్కరోజు కూడా మానకుండా మింగాలని, నెలనెలా వచ్చి చూపించుకోవాలని చెప్పారు.

ఇంటికి వచ్చిన మనిషిని చూసి నేను గుర్తుపట్టలేదు. మెడ దగ్గర ఎముకలు, లోపలికి పోయిన చెంపలు. ఆయనకు వేరే కంచం, వేరే చెంబు పెట్టారు. నన్ను ఆయన పడుకునే గది గడప దాటి లోపలికి పోనిచ్చేవాళ్ళు కాదు. వీధిలో వాళ్ళు మా ఇంటి ముందుకొచ్చేసరికి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్ళు. అవ్వ దగ్గర రవికలు కుట్టించుకునే వాళ్ళు ఒక్కొక్కరే మానుకున్నారు. ఇంటి ఖర్చుకు అమ్మ, ఆయన ఆసుపత్రిలో ఉండగానే, పట్టు దారం తీసే చోట పనికి చేరింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రమే మా నాయన కోటు అడిగాడు. అవ్వ గూట్లోంచి తీసి ఇచ్చింది. ఆయన తొడుక్కుని బొత్తాలు పెట్టుకున్నాడు. సరిగ్గా సరిపోయింది.

"సూసినావా అమ్మా, ఒక్క వేలు కూడా దూరలా! ఆస్పత్రోళ్ళు ఉతికి ఉతికి సొక్కాలు సాగదీసినారు గానీ, నేను తగ్గింది యాడ?" అని నవ్వాడు. జబ్బు పడ్డాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

ఆయన రావడానికి ముందురోజు అవ్వ ఆ కోటును తిరగేసి, పక్క కుట్ల లోపల కొత్త కుట్టు వేయడం నేను చూశాను. ఆసుపత్రిలో ఆయన్ను చూసివచ్చిన కళ్ళతోనే కొలత తీసుకుంది. అమ్మ తెచ్చిన సన్నటి పట్టు దారం, ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా సన్నటి సూది. కుట్టు పొడుగ్గా, వదులుగా వేసింది. మిగిలిన బట్ట కత్తిరించలేదు. యాల కోయలేదవ్వా అని అడిగితే, "మళ్ళా ఒళ్ళొస్తే ఇప్పల్ల గదా" అంది. బొక్కలు పడవా అని అడిగాను. "మీ నాయనతో అనొద్దు. బయపడతాడు" అని మాత్రం అంది.

ఆ తరువాత కోటే ఆయనకు అద్దమైపోయింది. ఆయాసం వచ్చినా, రాత్రి చెమటలు పట్టినా, పొద్దున లేచి కోటు వేసుకుని చూసుకునేవాడు. సరిపోతే ఆ రోజంతా హుషారుగా ఉండేవాడు. ఆయన స్నానానికి పోయినప్పుడో, వాకిట్లో ఎండకు కూర్చున్నప్పుడో అవ్వ దాన్ని మళ్ళీ కొంచెం లోపలికి పట్టేది. చేతుల దగ్గర, వీపు నడుమ, పక్కల్లో. ఒకరోజు ఆమె దాన్ని చేత్తో కుట్టకుండా నేరుగా మిషను కింద పెట్టింది. దగ్గర కుట్టు, గట్టి దారం. లోపల దళసరిగా పేరుకున్న బట్టను కత్తెరతో తీసేసింది. ఎర్రటి పీలికలు చాప మీద పడ్డాయి. ఆ పీలికలు చూశాక నాకు అన్నం పోలేదు. ఎందుకు పోలేదో ఆ వయసులో చెప్పలేకపోయాను గానీ, మా అవ్వ ఇక ఏదీ విప్పే ఆలోచనలో లేదని నాకు అర్థమైంది.

ఎండలు ముదిరాక నాటకాల వాద్యారు వచ్చాడు. ఆటలు నేర్పే గురువును మా వైపు వాద్యారు అంటాం. ఆయన వాకిట్లోనే, కాస్త దూరంగా నిలబడి, కుప్పం పక్కన ఆట కుదిరిందని చెప్పాడు. మా నాయనను అడగడానికి రాలేదాయన, వేషం వేరేవాళ్ళకి ఇస్తున్నానని చెప్పిపోదామని వచ్చాడు. పెద్దమనిషి, చెప్పకుండా ఇవ్వడం మర్యాద కాదనుకున్నాడు.

మా నాయన లోపలికి పోయి కోటు తొడుక్కుని వచ్చాడు.

"వేరేవాళ్ళకి యాల? నేనుండాను గదప్పా. సూడు, అప్పుడెట్లుందో ఇప్పుడూ అట్లే ఉండాది. ఇంగ ఆస్పత్రి వద్దు, మాత్రలొద్దు. నాకు నయమయిపోయినాది."

"డాక్టరు మందు ఆపొద్దన్నాడు. నీకు దండం పెడతా" అంది అమ్మ. ఆయన వినలేదు. ఒళ్ళు తగ్గుంటే కోటు ఊగులాడేది కాదా అని ఆమెనే ఎదురడిగాడు. తరువాత గడప దగ్గర కూర్చున్న నా వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పు పాపా. కోటు వదులుగా ఉండాదా?"

నేను అవ్వ వైపు చూశాను. నా మొహంలో ఏం కనిపించిందో తెలియదు. అవ్వ మిషను దగ్గర నుంచి లేచింది. చేతిలో కత్తెర ఉంది.

"బిడ్డనడగొద్దు. ఆ కోటు ఇటియ్యి" అంది.

ఆయన విప్పి ఇచ్చాడు. అవ్వ వాకిట్లో ఎండలోకి వచ్చి, కోటు తిరగేసి, పక్క కుట్లు పొడుగునా తెంపేసింది. మిషను కుట్టు తెగుతుంటే చిన్న చప్పుడు వచ్చింది. తరువాత మళ్ళీ మంచివైపు తిప్పి ఎండకు ఎత్తి పట్టుకుంది. ఎర్రటి మఖమల్ మీద పైనుంచి కిందిదాకా బొక్కలు వరసలు వరసలుగా కనిపించాయి. ఒక వరస పక్కన ఇంకో వరస, దాని పక్కన ఇంకొకటి. కుట్టు మడతలో నలిగినచోట నూగు ఇక లేవలేదు.

"ఇది నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చేటప్పటిది. ఇది ఉగాది ముందరది. ఇది మొన్న కుట్నా. ఇంత తగ్గినాది నాయనా నీ ఒళ్ళు. కోసి పారేసింది కాక ఇంత. నువ్వు బయపడతావని దాస్తా వచ్చినా. నేను దాసింది నిన్ను ఆస్పత్రికి పోకుండా సేస్తాదని నాకు తట్టలా" అంది.

విప్పిన కోటును ఆమే ఆయన భుజాల మీద వేసింది. కోసేయగా మిగిలిన బట్టే అయినా, గాలికి అది ఆయన చుట్టూ ఊగింది. మా నాయన తన ఛాతీ వైపు చూసుకున్నాడు. వదులైన అంచును గుప్పిట్లో పట్టుకున్నాడు.

"యాల సేసినావమ్మా ఇట్లా?" అన్నాడు చివరికి.

వాద్యారు మెల్లగా "వేషం యాడికీ పోదులేప్పా, బాగైనాక రా" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మాట ఆయనే నమ్మలేదని, వెనక్కి చూడకుండా పోయిన తీరులోనే తెలిసిపోయింది. అమ్మ లోపలికి పోయింది. ఆమె ఏడుపు బయటికి వినిపించలేదు.

మా నాయన తిన్నె మీద కూలబడ్డాడు. అంతవరకూ మమ్మల్నందరినీ ఆయనకు దూరంగా కూర్చోబెట్టిన అవ్వ, పోయి ఆయన పక్కనే కూర్చుంది. భుజానికి భుజం ఆనించి కూర్చుంది. ఆయన జరగమన్నాడు. జరగలేదు. ఎదురింటి గోడ మీది ఎండ పైకి పోయేదాకా ఇద్దరూ అట్లాగే ఉన్నారు. అప్పుడు ఆయన ఒక మాట చెప్పాడు.

"నేను మాత్రలు మింగి శానా నాళ్ళయినాదమ్మా. కోటు సరిపోతాంది గదా అని మానేసినా. ఆస్పత్రికని బస్సెక్కి, నాటకమోళ్ళ కాడ కూసోని వస్తాంటి."

అవ్వ చెయ్యి ఆయన వీపు మీద ఉంది. ఆ చెయ్యి ఆగిపోవడం నేను గడప దగ్గర నుంచి చూశాను. కొంచెంసేపటికి అది మళ్ళీ కదిలింది. "పద, రేపు మొదటి బస్సుకు పోదాం. నేనూ వస్తా" అంది ఆమె.

పోయారు. ఆసుపత్రిలో మళ్ళీ చేర్చుకున్నారు. అవ్వ మిషనుకు గుడ్డ కప్పి, ఆయన దగ్గరే ఉండిపోయింది. మధ్యలో మానేసిన మందు మళ్ళీ మొదలుపెడితే మునుపటిలా పని చెయ్యదని అమ్మకు డాక్టరు చెప్పాడట. వానలు తగ్గే రోజుల్లో మా నాయన అక్కడే పోయాడు. ఊరికి తెచ్చినప్పుడు మోయడానికి వచ్చినవాళ్ళు తక్కువ. మోసినవాళ్ళలో ఒకాయన బరువే లేడని పక్కవాడితో అనడం నేను విన్నాను.

కోటు లోపలికి కుట్టకపోతే కొడుకు బతికేవాడా అన్న ప్రశ్న అవ్వను వదల్లేదు. ఒక్కసారే పైకి అంది. అమ్మ ఆమె చేతిలో నుంచి చేట తీసుకుంటూ, "ఆయప్ప నమ్మాలనుకున్నాడు అత్తా. నువ్వు కుట్టకుంటే ఇంగోటి నమ్మింటాడు" అంది. అది నిజమో, ఓదార్పో నాకు ఇప్పటికీ తెలియదు. అవ్వ దాన్ని ఓదార్పుగా తీసుకున్నట్టు మాత్రం లేదు.

నేను పెద్దయ్యాక, ఎనభైల్లో, అవ్వకు కడుపులో గడ్డ వచ్చింది. మదనపల్లెలో చూపించాను. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, కోసి లాభం లేదని, ఆమెకు చెప్పకపోవడమే మంచిదని అన్నాడు. బయటికి వచ్చేసరికి ఆమె బెంచీ మీద కూర్చుని నా మొహం వైపే చూస్తోంది.

"ఏం జెప్పినాడు?"

ఏవేవో మాటలు నోటిదాకా వచ్చాయి. పుండు అని, మాత్రలతో తగ్గుతుందని. నేను ఆమె పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె గోడ వైపు తిరిగింది. బస్సు టైము దాటిపోయింది. నేను లేవలేదు. తరువాతి బస్సు కూడా పోయాక ఆమె నా వైపు తిరిగి, "ఆకలైతాంది, ఏమన్నా తిందాం పద" అంది.

చాలామందికి చెడ్డ కబురు చెప్పాల్సి వచ్చింది నాకు ఈ జీవితంలో. భర్తకు, చెల్లెలి వరసయ్యే ఒకామెకు, ఒకసారి కన్నబిడ్డకు. చెప్పడం ఏనాడూ తేలిక కాలేదు. దాచాలనిపించని రోజు కూడా లేదు. కానీ ప్రతిసారీ చెప్పాను. చెప్పాక, వాళ్ళు జరగమన్నా జరగకుండా, గోడ మీది ఎండ పైకి పోయేదాకా పక్కనే కూర్చున్నాను.