రెండో వైపు, మూడో పాటలో ఒక దగ్గు

మా చిన్నప్పుడు... ఒక క్యాసెట్‌ను ఇంకో క్యాసెట్‌లోకి ఎక్కించాలంటే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టాల్సిందే. రెండు టేప్ రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, ఒకదాంట్లో పాడిస్తూ రెండోదాంట్లో రికార్డు నొక్కడమే... మాకు తెలిసిన విద్య అంతే. పాటతో పాటు గదిలో ఏ చప్పుడైతే అదీ ఎక్కేసేది.

ఎనభైల మొదట్లో సంగతి. విశాఖ పాత ఊళ్లో మా అద్దె ఇల్లు. మే నెల మధ్యాహ్నం... మా అన్నయ్య రమణ ముందు గది కిటికీలన్నీ మూసేశాడు. ఫ్యాను ఆపేశాడు. గోడ గడియారం టిక్కుటిక్కు మంటుందని దాన్ని బొంతలో చుట్టి పెరట్లో పడుకోబెట్టాడు.

అమ్మ వచ్చి చూసి, "ఏటర్రా ఇది? దొంగనోట్లు అచ్చేత్తన్నారేటి?" అంది.

ఆ ఇంగ్లీషు పాటల క్యాసెట్ మాది కాదు. అన్నయ్య స్నేహితుడు బాషా వాళ్ల పెద్దన్న ఓడలో పనిచేసేవాడు. తోటివాడి దగ్గర అడిగి తెచ్చాడు. సాయంత్రం నాలుక్కల్లా ఆయన పోర్టు గేటు లోపల ఉండాలి... ఆయనతో పాటు క్యాసెట్టూ వెళ్లిపోవాలి. ఆ ఓడ మళ్లీ ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. అప్పటికే రెండున్నర.

ముందురోజు గోడ అవతల నుంచి అందులో ఒక్క పాట విన్నాను. నేను అప్పుడే తొమ్మిదో క్లాసులోకి వచ్చాను. ఇంగ్లీషు పాఠమే అర్థం కాదు, ఆ పాటేం అర్థమవుతుంది! కానీ ఆ గొంతులో కోపం అర్థమైంది... గిటార్లు రంపాల్లా కోస్తుంటే, కింద ఎక్కడో జోలపాట లాంటి రాగం. "ఆడపిల్లవి, మెల్లగా మాట్లాడు" అని రోజుకి పదిసార్లు వినేదాన్ని. నేను మింగేసిన కేకలన్నీ వాడెవడో నా బదులు పెట్టేస్తున్నాడనిపించింది. ఎలాగైనా ఎదురుగా కూర్చుని వినాలి.

చిక్కల్లా నా దగ్గుతోనే. రేవులో పోసిన ఇనప ఖనిజం దుమ్ముతో గాలి వీస్తే మా వీధిలో ఆరేసిన తెల్ల చొక్కాలు సాయంత్రానికి ఎర్రబడేవి. నా గొంతు కూడా ఆ తాడు మీదే ఆరేసినట్టుండేది. ఇంట్లో నా పేరు దగ్గుల డబ్బా.

"నువ్వు బయటకి పో," అన్నాడు అన్నయ్య.

"నాను దగ్గను అన్నయ్యా. అమ్మ మీద ఒట్టు."

"పోనీ బావా, మూల కూకుంటాది. ఏటి పోద్ది?" అన్నాడు బాషా.

"క్యాసెట్టు పోద్ది. ఒసే, దగ్గినావంటే ఇంక ఈ టేపు దరికి రానియ్యను. నాను సెప్పినానంటే సెప్పినానే."

తలూపాను. బుగ్గన పటికబెల్లం ముక్క, నాలుక కింద రెండు మిరియాలు పెట్టుకుని మూల కూర్చున్నాను.

మొదటి వైపు గట్టెక్కింది. చెమట చెవుల వెనక నుంచి కారుతోంది... తుడుచుకోవాలన్నా భయమే. ఒళ్లంతా ఎగిరి గంతెయ్యాలని ఉంది, కానీ వేలు కదల్చలేదు. అన్నయ్య పిల్లిలా లేచి క్యాసెట్లు తిప్పాడు.

రెండో వైపు, మూడో పాట. నడుమ ఒకచోట డ్రమ్ములూ గిటార్లూ అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. పటికబెల్లం ఎప్పుడో కరిగిపోయింది. గొంతులో చీమ పాకినట్టయింది... రెండు చేతులతో నోరు నొక్కుకున్నాను... కళ్లల్లో నీళ్లు తిరిగాయి...

ఖళ్!

వెంటనే ఆ పాడేవాడు ఇల్లు ఎగిరిపోయేలా అరుపందుకున్నాడు.

అన్నయ్య నన్ను తిట్టడానికి కూడా లేదు. తిడితే అదీ ఎక్కుతుంది. పిడికిలి బిగించి, మిగిలిన రెండు పాటలూ నన్నే చూస్తూ కూర్చున్నాడు. బాషా నవ్వాపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. నేను చప్పుడు కాకుండా ఏడ్చాను.

టేపు అయిపోయేసరికి మూడున్నర. మళ్లీ మొదలెట్టే వ్యవధి లేదు. బాషా క్యాసెట్ జేబులో వేసుకుని సైకిలెక్కి పరుగు.

అన్నయ్య ఒక్కటే మాట అన్నాడు. "ఇంక గోడవతలే ఇనుకో."

అన్నంత పనీ చేశాడు. రెండేళ్లు నేను గోడకి చెవి ఆనించే విన్నాను. ఆ చోటు వచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. మా కాపీ నుంచి బాషా ఒకటి తీసుకున్నాడు, వాడి దగ్గర గోపాలపట్నం కుర్రాళ్లు తీసుకున్నారు... తర్వాత ఎవరెవరు తీసుకున్నారో మాకే లెక్క లేదు.

నేను ఇంటర్లో చేరినప్పుడు, పుస్తకాలకని అన్నయ్యతో ద్వారకా నగర్ వెళ్లాను. ఒక రికార్డింగ్ షాపు ముందు ఇద్దరం ఆగిపోయాం. అదే పాట! అన్నీ ఆగిపోయాయి... పెద్ద స్పీకర్లోంచి, బజారంతా వినపడేలా, నా దగ్గు!

అన్నయ్య షాపతన్ని అడిగాడు. "ఏటండీ, మద్దిలో ఎవులో దగ్గినారు?"

"అది పాటలోదే బావా! అంత కోపమొచ్చినోడు దగ్గడేటి? ఒరిజినల్లోనే ఉంది."

అన్నయ్య నా వైపు చూశాడు. పెదాలు అదిరాయి. "అవునవును, ఒరిజినలే," అన్నాడు. ఇంటికొచ్చాక టేప్ రికార్డర్ ఎత్తుకొచ్చి నా పీట పక్కన పెట్టాడు. ఆ రోజు నేను ఆ పాట ఎన్నిసార్లు విన్నానో!

మొన్న ఆ పాటలన్నీ ఫోన్లో దొరికాయి... అద్దంలా శుభ్రంగా ఉంది ధ్వని. ఇప్పుడు ఎవరూ కిటికీలు మూయక్కర్లేదు, గడియారాన్ని బొంతలో చుట్టక్కర్లేదు. ఎవరి చెవుల్లో వాళ్లు వింటున్నారు. మూడో పాటలో ఆ చోటు వచ్చింది. అంతా ఆగింది... ఎవరూ దగ్గలేదు. ఎంత వెలితిగా అనిపించిందో చెప్పలేను. ఆగలేక నేనే దగ్గాను.

మీ అటక మీద ఆ రోజుల నాటి విశాఖ క్యాసెట్ ఏదైనా ఉంటే ఒకసారి దుమ్ము దులిపి వినండి. రెండో వైపు, మూడో పాట. దగ్గు వినిపిస్తే ఇక్కడ రాయండి... అది నేనే.