బురదల బాయి

మాది గోదావరిఖని. ముప్పై ఏండ్లు బొగ్గు బాయిల పనిచేసి, రిటైరైనంక కాకినాడ దిక్కు సముద్రం చూడబోయిన. నీళ్లు వెనక్కి పోయి బురదంతా బయటపడ్డది. దాని నిండ చిన్న చిన్న బొక్కలు. కాలు పెట్టబోతుంటే, గుల్లలు ఏరుకునే అక్క ఒకామె ఆపింది.

"తొక్కకండి బాబుగారూ, లోపల పీతలుంటాయి."

"గివి సుత మా లెక్క బాయి దిగుతయా అక్కా?" అన్న.

మాకు బాయంటే గని, ఆమెకు నీళ్ల బావి. "బావేంటండీ, చుక్క నీరు లోపలికి పోనివ్వవు. పోటొచ్చి నీళ్లెక్కితే కన్నం మూతికి బురద పెట్టుకుని, గాలి దాచుకుని కూర్చుంటాయి. అవి తవ్వబట్టే ఈ ఒడ్డునున్న మడచెట్ల వేళ్లకి ఊపిరాడుతుంది."

భూమిని తవ్వెటోళ్ల గురించి గింత మంచి మాట నేనెన్నడు వినలే. మనసుల ఆమెకు దండం పెట్టుకున్న. చెప్పులు చేతుల పట్టుకొని, ఒక్క బాయి మూతి సుత కూలకుండ ఒడ్డుకు నడిచిన.