సలాక పువ్వు

మా నాన్న దేవుడికి దణ్ణం పెట్టగా నేను చూసింది తక్కువ. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని, వరండా స్తంభానికి ఆనుకుని, గేటు పక్కనున్న పూలకేసి చూస్తూ "మీన ఎరుపు, కింద పసుపు" అని పైకి అనేవాడు. అదే ఆయన జపం.

అప్పుడు మేం రాయపూర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న ఇంజను డ్రైవరు. విజయనగరం వైపు నుంచి వచ్చి, బొగ్గు ఎగదోసే పనిలో చేరి, ఏళ్ల మీద ఆ సీటు సంపాదించాడు. దొరలు బంగళాలు ఖాళీ చేసి పోతున్న రోజుల్లో ఒక తోటమాలి ఆయనకి ఓ పిలక ఇచ్చాడు. దాని పేరు అడిగితే "గరం సలాఖ్" అన్నాడట, కాల్చిన ఇనప కడ్డీ అని. మా ఇంట్లో అది సలాక పువ్వయింది.

పొడుగాటి గడ్డిలాంటి ఆకులు, వాటి మధ్య నుంచి నిటారుగా కాడ, కాడ కొసన కంకిలా సన్నగొట్టాల పూలు. మొగ్గగా ఉన్నంతకాలం ఎరుపు. విచ్చుకోవడం కింద నుంచి మొదలవుతుంది, విచ్చినవి పసుపుకి తిరుగుతాయి. వాసన లేదు. "తల్లోకీ రాదు, దేవుడికీ రాదు, ఎందుకొచ్చిన గడ్డి" అని అమ్మ దెప్పేది. చలిదేశపు మొక్క కదా, రాయపూర్ ఎండకి నాన్న దానికి గోనెపట్టా పందిరి వేసేవాడు. పిల్లలం మాకెవరికీ ఆయన అంత నీడ పట్టలేదు. వానల్లో వేళ్లు కుళ్లకుండా లోకో షెడ్డు బూడిద తెచ్చి గట్టు పోసేవాడు. అమ్మ అలవాటుకొద్దీ కరివేపకి పోసినట్టే దానికీ బియ్యం కడుగునీళ్లు పోస్తే, ఓ ఏడు దుబ్బంతా మురిగిపోయింది. మిగిలిన ఒక్క పిలక బతికేదాకా ఆయన అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. నా వేలు పట్టుకుని కంకి మీద పెట్టి "ఇదిగో, బిగిసి ఉన్నది మొగ్గ. మెత్తగా వేలాడతన్నాది విచ్చిన పువ్వు" అని చూపించేవాడు.

డ్రైవర్లకి ఇన్నాళ్లకోసారి కళ్ల పరీక్ష ఉండేది. చీకటి గదిలో డాక్టరు చిన్న దీపం వెలిగించి, అద్దాలు మార్చి, రంగు చెప్పమంటాడు. తప్పితే ఇంజను దిగాలి, ఇంజను దిగితే క్వార్టరూ దిగాలి. అందుకే పరీక్ష దగ్గర పడితే మా లైన్లో మగవాళ్లంతా దండేల మీద ఆరేసిన చీరల రంగులు చెప్పుకుంటూ నిలబడేవారు. ఊళ్లో ఆడాళ్ల చీరలు చూడ్డమేమిటని నాన్న తన పువ్వునే పెట్టుకున్నాడు. ఎక్కడైనా బావ గానీ వంగతోట దగ్గర కాదన్నట్టు, ఆయన పరువు చీరల దగ్గర అడ్డొచ్చింది. చీరలైతే రోజుకో రంగు మారతాయి. ఆ పువ్వు రోజూ మీద ఎరుపే, కింద పసుపే.

ఆ శీతాకాలం చివర ఆయన పరీక్ష వచ్చింది. ముందురోజు సాయంత్రం అమ్మ పక్క క్వార్టరు నుంచి వచ్చింది. ఆ ఇంటాయన ఆ రోజే పరీక్షయి వచ్చాడు. డాక్టరు ఎవరొచ్చినా ఒకటే వరసలో చూపిస్తున్నాడట. "ఎరుపు, పచ్చ, మళ్లీ ఎరుపు, ఆనక తెలుపు. కంఠతా పట్టీ" అంది. నాన్న చూపు మీద అమ్మకి అంతకుముందే అనుమానం ఉందని నాకు అప్పుడు తెలిసింది. నాన్న అన్నం తింటూ ఆ వరస గొణుక్కోవడం నేను విన్నాను.

తెల్లారి ఇస్త్రీబట్టలు వేసుకుని స్తంభం దగ్గర నిలబడ్డాడు. "మీన ఎరుపు, కింద పసుపు."

నేను మెట్టు మీద జడ అల్లుకుంటున్నాను. "ఎరుపెక్కడ నాన్నా? అంతా పసుపే" అన్నాను.

"నోర్ముయ్యే గుంటా. ఎర్రగానే ఉన్నాది" అని అమ్మ లోపలినుంచి అరిచింది.

నాన్న మెట్లు దిగి వెళ్లి కంకి పట్టుకున్నాడు. కింద నుంచి కొసదాకా వేళ్లతో తడిమాడు. ఎక్కడా ఒక్క మొగ్గ బిగువు లేదు, అన్నీ విచ్చి వేలాడుతున్నాయి.

"ఎన్నాళ్లయినాది ఇలగ?"

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "నాలుగైదు రోజులయ్యుంటాది."

"ఈ నాలుగైదు రోజులూ నాను బండి నడిపినాను."

"నడిపినావు. ఏటయినాది? ఏటీ అవనేదు. పక్కన ఫైర్‌మాన్ ఉన్నాడు, ఆడు సూస్తాడు. నువ్వెళ్లి ఆ వరస ఒప్పజెప్పీసి రా."

ఆయన వెళ్లాడు. డాక్టరు దీపం వెలిగించకముందే "నాకు రంగులు అవుపడ్డం నేదు" అని చెప్పేసి వచ్చాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పి మేకుకి తగిలిస్తూ ఈ మాటే మాకు చెప్పాడు. అమ్మ పొయ్యిలో నీళ్లు పోసేసింది. ఆ పూట మేం పస్తు. ఆయన చేసింది ధర్మమే, నాకు తెలుసు. ఆ ధర్మానికి క్వార్టరు దిగి, ఊరి చివర మోవాలో మట్టిగోడల ఇంట్లో చెమ్మకి పడుకుని దగ్గింది మాత్రం మేం. ఆ కోపం నాకు ఇప్పటికీ చావలేదు.

నాన్న మొక్క తవ్వి తెస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. క్వార్టర్లోకి దిగినవాళ్లు దాన్ని పీకి అక్కడ ఆవుని కట్టేశారని విన్నాం.

చాలా రోజులు ఖాళీగా కూర్చోబెట్టాక నాన్నకి లాంపు రూములో పని ఇచ్చారు. లాంతర్లు తుడిచి, చమురు పోసి, ఎర్రద్దాలవి ఒక బల్ల మీద, పచ్చద్దాలవి ఇంకో బల్ల మీద పెట్టాలి. ఏ మహానుభావుడు ఆలోచించి ఇచ్చాడో! ఆ సంగతి చెప్పి నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. పరీక్షరోజు నుంచి ఆయనతో మాట్లాడని అమ్మ లేచి, తన పాతచీర అంచు పీలికలుగా చింపి ఆయన ఒళ్లో పడేసింది.

"ఎర్ర లాంతర్లేవో ఏదో వంకన ఎవరినైనా ఒక్కపాలి అడిగి, పిడికి ఇది కట్టీ. ఆనక తడిమితే తెలుస్తాది" అంది. మళ్లీ గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"అక్కడ మాత్రం ఎవరికీ నిజం సెప్పకు."