నూనె సీసాలో ఆగిన వేలు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరిట మీ అందరికీ వందనాలు. నా పేరు మరియమ్మ, మాది తర్లుపాడు దగ్గర పల్లె, మా ఆయన దానియేలు పలకల గనిలో పనిచేస్తాడు. పోయిన ఎండాకాలం గనిలో బండ జారి ఆయన ఎడమ పాదం మీద పడింది. మార్కాపురంలో ఒక ఆసుపత్రిలో చేర్పించాము, ఆపరేషన్ చేశారు, వారం తిరిగేసరికి పుండు మానుముఖం పట్టింది, ఇంక నాలుగు రోజుల్లో ఇంటికి పోతాం అని నేను సంచులు కూడా సర్దుకున్నాను, అంతలోనే ఒక ఉదయం కట్టు విప్పితే చీము! వాసన! ఒళ్లు కాలిపోయే జ్వరం!

ఇంజెక్షన్లు మార్చారు, లాభం లేదు, మళ్లీ మార్చారు, అయినా లాభం లేదు. చీము తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చాక డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి, ఇది మామూలు యాంటీబయాటిక్ మందులకు లొంగని క్రిమి అమ్మా, ఇంక ఒకటి రెండు మందులే మిగిలాయి, అవీ పనిచేయకపోతే మోకాలి కింద కాలు తీసేయాల్సి వస్తుంది అన్నారు. గనిలో పనిచేసే మనిషికి కాలు పోతే ఇంకేం ఉంటుంది? వరండాలో గోడకు తల ఆనించి ఏడ్చాను.

అయితే నాకు పుట్టుకతో ఒక గుణం ఉంది, ప్రతిదానికీ ఎందుకు, ఎట్లా అని అడుగుతాను, మా అమ్మ విసుక్కునేది, మన పాస్టరు గారు కూడా ఇప్పుడు నవ్వుతున్నారు చూడండి! ఏడుపు ఆగగానే అదే మొదలైంది. ఆరుతున్న పుండులోకి ఈ క్రిమి ఎక్కడి నుంచి వచ్చింది? కట్లు కట్టే సిస్టరమ్మను ఆపి అడిగాను, ఆమెది యర్రగొండపాలెం, చిన్న వయసు, ఓపిక ఎక్కువ.

"ఆ మూల మంచం తాతకు గూడా ఇదే ఉంది పిన్నీ. అది నడిచి రాదు, ఎగిరి రాదు. ఎక్కువగా చేతులకు అంటుకోనే వస్తాది" అంది.

ఎవరి చేతులు? ఆ మాట నన్ను నిలవనీయలేదు. "ప్రభువా, ఎవరు తెచ్చినారో నాకు చూపియ్యి" అని ప్రార్థన చేసి, స్టూలు మీద కూర్చుని రెండు రోజులు వార్డులో అందరి చేతులనే చూశాను సహోదరులారా! డాక్టరు గారు ఒక మంచం దగ్గర నుంచి ఇంకో మంచం దగ్గరికి పోయేముందు సీసాలోని మందు చేతులకు రుద్దుకుంటున్నారు, ఎంతసేపు రుద్దుతున్నారా అని నేను మనసులో అంకెలు లెక్కపెట్టాను. సిస్టరమ్మ గ్లవ్స్ మార్చిందా లేదా అని చూశాను. వార్డు తుడిచే ఆమె ఒకసారి ఒకే గుడ్డతో రెండు మంచాలు తుడిచింది, దొరికింది దొంగ అనుకున్నాను! ఆమె మీద నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను, దేవుడు నన్ను క్షమించాలి.

మూడో రోజు ఆదివారం. మన స్త్రీల కూటం ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ ఆసుపత్రికి పోయి రోగుల కోసం ప్రార్థన చేస్తుందని మీకు తెలుసు, ప్రార్థన నూనె సీసా ఎప్పుడూ నా దగ్గరే ఉండేది. ఆ రోజు కూడా మూల మంచం నుంచి మొదలుపెట్టాము. తాత పుండు పక్కన నూనె రాశాను, చెయ్యి పట్టుకున్నాను, ప్రార్థన చేశాము. రెండో మంచం, మూడో మంచం, అదే సీసా, అదే వేలు. నాలుగో మంచం మా ఆయనది. కట్టు అంచున రాద్దామని వేలు సీసాలో ముంచాను, ముంచిన వేలు అక్కడే ఆగిపోయింది!

రెండు రోజులు అందరి చేతులూ చూశాను గానీ నా చేతులు చూసుకోలేదు! అంతకు ముందు ఆదివారాల్లో కూడా తాతను ముట్టుకుని, మధ్యలో చుక్క నీళ్లు తగలని చేతులతో మా ఆయన దగ్గరికి వచ్చింది నేనే కదా, కట్టు వదులైతే సర్దింది కూడా ఆ చేతులతోనే కదా!

"చూపియ్యమంటిని ప్రభువా, చూపిస్తివి. ఇప్పుడు నేనేం చెయ్యాల?" అని అక్కడే ఏడ్చాను, జ్వరం మత్తులో ఉన్న మా ఆయనకు అదేమీ తెలియలేదు. మా కూటంలో పెద్దామె "ఏందే మరియా, విశ్వాసం తగ్గిందా?" అని గద్దించింది. నేను నేరుగా సిస్టరమ్మ దగ్గరికి పోయి అంతా చెప్పాను.

"నువ్వే తెచ్చినావని ఎట్ల చెప్తాం పిన్నీ? తొందరలో మేము గూడా ఒక్కోసారి మర్చిపోతాం. దారులు శానా ఉంటాయి, అన్నీ మూయాల" అంది. వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు దాకా ఎట్లా రుద్దుకోవాలో చూపించింది. బొటనవేలు విడిగా ఎందుకు రుద్దాలి అని అడిగాను, అందరూ దాన్నే మర్చిపోతారట! నూనె సీసా ఆమెకే ఇచ్చేశాను.

తాతను వేరే గదికి మార్చారు. మా ఆయన పుండు మళ్లీ కోసి కడిగారు, మిగిలిన మందు మొదలుపెట్టారు. పద్దెనిమిది రోజులు సహోదరులారా! జ్వరం దిగింది, చీము ఆగింది, రెండు కాలివేళ్లు పోయాయి గానీ కాలు మిగిలింది! తాత కూడా కోలుకుని తన ఊరు వెలిగండ్లకు వెళ్లిపోయాడు. రెండో మంచం, మూడో మంచం వాళ్లకు దేవుని దయవల్ల ఏమీ కాలేదు, తర్వాత వాళ్ల ఊళ్లు కనుక్కుని పోయి క్షమాపణ అడిగి వచ్చాను.

కానీ అందరికంటే ముందు చెప్పాల్సిన మనిషికి ఆసుపత్రిలో అన్ని రోజులూ నేను చెప్పలేదు. ఇంటికి పంపే రోజున ధైర్యం తెచ్చుకుని మా ఆయనకు చెప్పాను. ఆయన ముఖం తిప్పుకుని కట్టు కట్టిన పాదం వైపు చూసుకున్నాడు. ఈ మనిషి ఇంక నా ముఖం చూడడు అనుకున్నాను.

"పో, చేతులు కడుక్కోని రా" అన్నాడు. "వచ్చి నా తలమీద పెట్టి ప్రార్థన చెయ్యి. మూడు వారాలాయె నువ్వు నన్ను ముట్టుకోక."

కడుక్కుని వచ్చాను, బొటనవేళ్లు కూడా. నేను చెయ్యి ఎత్తేలోపే ఆయనే తల వంచాడు.

సహోదరులారా, మన కూటం ఇప్పటికీ ఆసుపత్రికి పోతుంది, ప్రతి మంచం దగ్గరా చేతులు శుభ్రం చేసుకుంటుంది, పుండును ముట్టుకోదు. మీరూ రండి. నా తప్పేమిటో చూపించు అని దేవుణ్ణి అడగడానికి భయపడకండి, చూపించి వదిలేసే దేవుడు కాడు ఆయన, నమ్మండి! మా ఆయన కాలు నిలిపినందుకూ, ఆయన తలమీద చెయ్యి పెట్టే భాగ్యం నాకు తిరిగి ఇచ్చినందుకూ దేవునికే మహిమ.