మల్లమ్మ తలంటు

2023 చలికాలం. హైదరాబాదు శాలిబండలో ఒక గల్లీ చివర మా చిన్న షాంపూల వర్క్‌షాపు. కుంకుడుకాయలు ఉడికే పూట గల్లీ అంతా ఆ వాసనే. ఆ పూట గాజుల దుకాణాల్లో బేరాలు కూడా కాస్త మెల్లగా సాగుతాయని నాకు అనిపిస్తుంది. మా వాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

ఒక మధ్యాహ్నం పక్క గల్లీలో బట్టలు కుట్టే సుజాత వచ్చింది. వాళ్లమ్మ మల్లమ్మకు మతిమరుపు జబ్బు. తల మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వదు. జుట్టు అట్టలు కట్టి, కింద పుండ్లు పడుతున్నాయి. గుండు చేయించమని డాక్టరు చెప్పాడట.

"ఆ ఎంటికలంటే మా అమ్మకు పాణం అక్కా. షాంపూ జూస్తె లొల్లి జేస్తది. కుంకుడుకాయ అయితె గుర్తువడ్తదేమో. కని కండ్లు మండొద్దు."

కుంకుడులో నురగనిచ్చే పదార్థాన్ని మేము సాపోనిన్ అంటాం. జిడ్డును లాగేసేది అదే, కళ్లు మండించేదీ అదే. అందుకని దాన్ని తగ్గించి, కొబ్బరి నూనె నుంచి తయారయ్యే గ్లూకోసైడ్ కలిపాను. దాని నురగ మెత్తన. చిక్కు విడటానికి నువ్వుల నూనె కావాలి. నూనెకూ నీళ్లకూ పొత్తు కుదిర్చే ఎమల్సిఫైయర్‌గా సోయా లెసిథిన్ వేశాను. ఆ రెండూ కలిసి పాలలా తెల్లబడే క్షణం ఇన్నేళ్లయినా నాకు కలలాగే ఉంటుంది. ముందు నా కంట్లోనే ఒక చుక్క వేసుకుని చూశాను. మండలేదు.

సీసా పట్టుకుని నేనే వెళ్లాను. మల్లమ్మను ఎండలో పీట మీద కూర్చోబెట్టాం. వేడినీళ్ల ఆవిరిలో వాసన లేవగానే ఆమె బిగబట్టిన భుజాలు దిగాయి. నాకు గర్వమేసింది. తల మీద నీళ్లు పోయబోతే మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని, నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. సుజాత మంచినీళ్లు తాగించబోతే ఉమ్మేసి, మా చేతులు తోసేసింది.

"గిట్లనే జేస్తది. ఇగ మంగలాయన్ను విలుస్త అక్కా," అంది సుజాత.

ఆ తెరిచిన నోటినే చూస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. కుంకుడు రసం కంట్లో పడి నేను ఏడిస్తే నోట్లో ఉప్పుగల్లు వేసేది. మంట ఎలా పోయేదో నా కెమిస్ట్రీకి ఇప్పటికీ అందదు.

"సుజాతా, ఇంట్ల దొడ్డుప్పు ఉన్నదా?"

ఆమె ఉలిక్కిపడింది. "నేను మర్చేపోయిన అక్కా. చిన్నప్పుడు నాకు గూడ వెట్టేది," అంటూ లోపలికి పరుగెత్తింది.

ఆమె తెచ్చిన ఉప్పుగిన్నెలోంచి ఒక గల్లు నాలుక మీద పడగానే మల్లమ్మ నోరు మూసి చప్పరించింది. మెల్లగా తల వంచింది. తేటనీళ్లు వచ్చేదాకా కడుగుతూ, నిదానంగా చిక్కులు తీశాం. జుట్టు మిగిలింది.

తుడిచాక మల్లమ్మ కళ్లు తెరిచి, ఏడుస్తున్న కూతురిని చూసింది. తడి వేళ్లతో ఉప్పుగిన్నె తడిమి, ఒక గల్లు తీసి సుజాత నోట్లో పెట్టింది.

"మండుతున్నదా బిడ్డా? అయిపాయె, అయిపాయె."

మంట తీసేయడమే మా పని అనుకునేదాన్ని. ఆ మంటకు తోడుగా ఒక ఊరడింపు ఉండేదని, అది లేకపోతే ఆ తలంటు మల్లమ్మకు తలంటే కాదని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఇంట్లో ముసలివాళ్లున్నారని ఎవరైనా ఆ సీసా అడిగితే, పక్కన ఉప్పుగల్లు పొట్లం కూడా పెడతాను. సుజాత మాత్రం పొట్లం తీసుకోదు. వాళ్లింట్లో ఉప్పుగిన్నె స్నానాల గదిలోనే ఉంటుంది.